రోజువారీ ఒత్తిడిని గుర్తించి తగ్గించుకోవడం ఎలా: నాలుగు వారాల పద్ధతి

“రోజూ ధ్యానం చేస్తున్నాను, సాయంత్రాలు నడుస్తున్నాను, అయినా టెన్షన్ తగ్గడం లేదు, ఇంకేం చేయాలి?” అని పాఠకులు తరచుగా అడుగుతుంటారు. మాటలు మారినా ప్రశ్న ఒక్కటే. కాసేపు మాట్లాడితే తేలే విషయం కూడా దాదాపు ఒక్కటే: తమను ఇబ్బంది పెడుతున్నది ఏమిటో, అది ఏ వేళకు మొదలై ఏ వేళకు తగ్గుతోందో వారు ఎన్నడూ కాగితం మీద పెట్టి చూసుకోలేదు. ఒత్తిడిని ఒక పెద్ద ముద్దగా చూస్తున్నంతకాలం ఏ ఉపాయం దేనికి పనిచేస్తుందో తెలియదు. గడువు దాటిపోతున్న పనికి ధ్యానం జవాబు కాదు. మన చేతిలో లేని విషయానికి ఎన్ని ప్రణాళికలు వేసుకున్నా ఫలితం ఉండదు. అందుకే ఇక్కడ ముందు రాసుకోవడం, తరువాత వేరు చేయడం, ఆ తరువాతే ఉపాయం అనే వరుసను పాటించాను. దయచేసి ఈ వరుసను మార్చకండి.

మొదలుపెట్టే ముందు

ఛాతీలో నొప్పి లేదా బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, ఉన్నట్టుండి ఊపిరి అందకపోవడం, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే “టెన్షన్ వల్లే అయ్యుంటుంది” అని సరిపెట్టుకోకుండా వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లండి. బతకాలని లేదన్న ఆలోచనలు గాని, మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలన్న ఆలోచనలు గాని వస్తుంటే ఈ పద్ధతిని పక్కన పెట్టి, ఇప్పుడే దగ్గరి మనిషికి ఆ మాట చెప్పండి, వైద్యుణ్ణి లేదా అత్యవసర సహాయ కేంద్రాన్ని సంప్రదించండి, ఒంటరిగా ఉండకండి. ఇంట్లోనో పనిచేసే చోటనో ఎవరైనా మిమ్మల్ని కొడుతున్నా, బెదిరిస్తున్నా అది ఊపిరి సాధనతో సర్దుకోవలసిన విషయం కాదు; అక్కడ ముందు కావలసింది రక్షణ.

ఇంకొక మాట. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా గుండెదడ, నీరసం వంటి లక్షణాలు ఒత్తిడిలాగే కనిపిస్తాయి. కొన్ని వారాలుగా ఇవి ఉండి, ఇంతవరకు వైద్యపరీక్ష చేయించుకోకపోతే ఆ పని కూడా ఈ నాలుగు వారాల్లోనే చేయించుకోండి.

కావలసినవి

- జేబులోనో సంచిలోనో పట్టే చిన్న నోటు పుస్తకం, పెన్ను
- సెకన్ల ముల్లు ఉన్న గడియారం లేదా సెకన్లు చూపే ఏదైనా సాధనం
- రోజుకు 20 నుంచి 30 నిమిషాల సమయం, అదీ ముక్కలు ముక్కలుగా సరిపోతుంది (ఆరో అంచెలో చెప్పే దిగులు వేళ దీనికి అదనం)
- మీరు ఈ పని చేస్తున్నారని తెలిసిన ఒక మనిషి

ఫోన్‌లో రాసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. రాసుకోవచ్చు, కాని రాద్దామని ఫోన్ తీసినవారు అక్కడ కనిపించిన మరో సందేశంలోకి జారిపోవడం మామూలే. వీలైతే కాగితమే వాడండి.

తెలియవలసిన కాస్త సిద్ధాంతం

ముప్పు ఎదురైనప్పుడు శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుందని అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 20వ శతాబ్దపు తొలి దశకాల్లో వివరించారు. అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. ఆ వెనుకే కార్టిసాల్ అనే మరో హార్మోన్ పెరిగి శరీరానికి కావలసిన చక్కెరను రక్తంలోకి తెస్తుంది. చలి, గాయం, అతిశ్రమ వంటి కారణాల్లో ఏది ఎదురైనా శరీరం ఒకే తీరున స్పందిస్తుందని, ఆ స్పందన అప్రమత్తత, తట్టుకోవడం, అలసిపోవడం అనే దశల్లో సాగుతుందని శాస్త్రవేత్త హాన్స్ సెల్యే 1936లో ఎలుకలపై చేసిన ప్రయోగాల ఆధారంగా ప్రకటించారు.

మన పనికి ఇందులో నుంచి తీసుకోవలసింది ఒక్కటే. స్పందన రావడం జబ్బు కాదు, అది రాకపోతే వేగంగా వస్తున్న వాహనం ముందు నుంచి పక్కకు గెంతలేం. వచ్చినది తగ్గకుండా గంటల తరబడి, రోజుల తరబడి ఉండిపోవడమే చేటు. కాబట్టి ఈ నాలుగు వారాల్లో మీరు కొలవవలసింది ఒత్తిడి ఎంత వచ్చిందన్నదాని కంటే ఎంతసేపటికి తేరుకున్నారన్నది.

1. మొదటి రోజు: ఇప్పటి స్థితిని కొలిచి పెట్టుకోండి

మనస్తత్వ శాస్త్రవేత్త షెల్డన్ కోహెన్, ఆయన సహచరులు 1983లో ప్రచురించిన ఒత్తిడి కొలమానం (పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్) ఇందుకు బాగా పనికివస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న రూపంలో 10 ప్రశ్నలు ఉంటాయి. గత నెల రోజుల్లో పరిస్థితులు మీ చేయి దాటిపోయినట్లు ఎంత తరచుగా అనిపించిందో అవి అడుగుతాయి. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 వరకు వేసుకుంటే మొత్తం 40కి లెక్క వస్తుంది. అందులో నాలుగు ప్రశ్నలు మంచి అనుభవాల గురించి కాబట్టి వాటి అంకెలను తిప్పి లెక్కించాలి, అంటే 4 వేస్తే 0గా, 3 వేస్తే 1గా తీసుకోవాలి. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఈ అంకె రోగనిర్ధారణ కాదు, నాలుగు వారాల తరువాత పోల్చి చూసుకోవడానికి ఒక గుర్తు మాత్రమే.

ఆ కొలమానం దొరకకపోతే మూడు సంగతులు రాసిపెట్టుకోండి: నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, గత వారంలో ఎన్నిసార్లు ఎవరిమీదనైనా విసుక్కున్నారు, ఈ క్షణంలో మీ ఒంట్లో ఎక్కడెక్కడ బిగువుగా ఉంది.

2. ఏడు రోజులు: జరిగినది జరిగినట్లు రాయండి

పేజీని నిలువుగా ఐదు గడులుగా విడదీయండి. సమయం, ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, తీవ్రత 0 నుంచి 10 వరకు ఎంత, ఎప్పటికి తేరుకున్నారు. ఈ వారం రోజులూ దేన్నీ మార్చే ప్రయత్నం చేయకండి.

నమోదు ఇలా ఉండాలి:

“మంగళవారం, 3:40. పై అధికారి ‘ఒకసారి మాట్లాడాలి’ అని సందేశం పంపారు. పళ్లు నొప్పి పుట్టేంతగా దవడ బిగిసింది, భుజాలు చెవుల దాకా లేచాయి. 7. మాట్లాడింది 4:10కి, విషయం సెలవుల జాబితా. దవడ వదులైంది రాత్రి 9కి.”

ఈ నాలుగు మాటల్లో ఎంత సమాచారం ఉందో చూడండి. ఏం విషయమో తెలియని అరగంట మాత్రమే నిజమైన సంకటం. అది తీరిపోయిన తరువాత కూడా శరీరం దాన్ని దాదాపు ఐదు గంటలు మోసింది. ఈ మనిషికి పనిభారం తగ్గించినా ఒరిగేది కొంచెమే; “ఏ విషయమై మాట్లాడాలండీ?” అని 3:41కే అడగగలగడం, పని ముగిశాక దవడను గమనించి వదులు చేసుకోవడం అనే రెండింటితో రోజు తీరే మారిపోతుంది. “ఆఫీసులో టెన్షన్” అని రాసుకుని ఉంటే ఇందులో ఏదీ బయటపడేది కాదు.

నేను మొదటిసారి ఈ పట్టిక రాసినప్పుడు పని ఎక్కువ కావడమే నా బాధకు కారణమని గట్టిగా నమ్మాను. వారం చివర చదివితే సగానికి పైగా నమోదులు భోజనం వేళవి, పళ్లెం పక్కన ఫోన్ ఉన్నప్పటివి. ఆ వారం ముందు ఎవరైనా ఆ మాట అని ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాట్లు:

- రాత్రి పడుకునే ముందు రోజంతటినీ ఒకేసారి గుర్తు తెచ్చుకుని రాయడం. అప్పటికి మనసుకు మిగిలేది చివరి చిరాకు మాత్రమే. జరిగిన గంటలోపు రెండు మాటలైనా గీకిపెట్టండి.
- సంఘటనకు బదులు తీర్పు రాయడం. “ఆమె ఎప్పుడూ ఇంతే” అన్నది తీర్పు. “నేను మాట్లాడుతుండగా లేచి వెళ్లిపోయింది” అన్నది సంఘటన.
- “నిజానికి ఇది చిన్న విషయమే” అని సిగ్గుపడి వదిలేయడం. చిన్నవే ఎక్కువసార్లు వస్తాయి కనుక వాటిని వదిలేస్తే పట్టిక అబద్ధం చెబుతుంది.
- ఐదో గడిని ఖాళీగా ఉంచడం. మరిచిపోతుంటే గంటకొకసారి మోగేలా అలారం పెట్టుకుని, మోగినప్పుడల్లా దవడ, భుజాలు, కడుపు, ఈ మూడు చోట్లా ఒకసారి చూసుకోండి.

రాయడం వల్లనే ఆందోళన పెరుగుతున్నట్లు అనిపిస్తే నమోదులను రోజుకు మూడింటికి పరిమితం చేయండి. రెండు రోజులు దాటినా అలాగే ఉంటే ఆపి, ఒక నిపుణుడి సహాయంతో మళ్లీ మొదలుపెట్టడం మేలు.

3. ఎనిమిదో రోజు: నమోదులను వేరు చేయండి

ప్రతి నమోదు పక్కన ఒక గుర్తు పెట్టండి. మీరే మార్చగలిగినదైతే ‘చే’, కొంత మాత్రమే మీ చేతిలో ఉంటే ‘భా’, మీ చేతిలో అసలు లేనిదైతే ‘లే’. సమస్యనే పరిష్కరించుకోవడం వేరు, సమస్య కలిగించిన ఉద్వేగాన్ని సంబాళించుకోవడం వేరు అని మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్ చూపిన తేడాయే ఈ విభజనకు ఆధారం.

తొందరపడితే ఇక్కడ మొదటికే మోసం వస్తుంది. అలసిపోయి ఉన్న మనిషికి అన్నీ ‘లే’గానే కనిపిస్తాయి, పట్టుదల గల మనిషికి అన్నీ ‘చే’గానే కనిపిస్తాయి. అందుకని మీరు చెప్పి పెట్టుకున్న ఆ ఒక్క మనిషికి పట్టిక చూపించి, ఐదు నమోదులకు వారిని కూడా గుర్తులు పెట్టమనండి. మీ గుర్తులకూ వారి గుర్తులకూ తేడా వచ్చిన చోట ఆగి ఆలోచించండి. పట్టిక చూపించడం ఇష్టం లేకపోతే ఒక రోజు ఆగి, ఉదయం పూట మీరే రెండోసారి గుర్తులు పెట్టి పోల్చుకోండి.

4. శరీరానికి: తేరుకునే సమయాన్ని తగ్గించే సాధన

దీన్ని ఎనిమిదో రోజు నుంచి నాలుగో వారం చివరి వరకు రోజుకు రెండు పూటలా చేయాలి.

ఊపిరి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. వదిలేటప్పుడు గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి ప్రభావం పెరగడమే అందుకు కారణం. కనుక వదలడాన్ని సాగదీయడమే ఇందులోని కిటుకు.

కుర్చీలో వెన్ను ఆన్చి, పాదాలు నేలకు తాకేలా కూర్చోండి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 30 సెకన్లు లెక్కించి రాసుకోండి. ముక్కుతో 4 సెకన్లు పీల్చండి, ముక్కుతోనో సన్నగా తెరిచిన పెదవులతోనో 6 సెకన్లు వదలండి. అంటే నిమిషానికి 6 ఊపిరులు. ఐదు నిమిషాలు చేసి మళ్లీ నాడి లెక్కించండి. కొంచెం తగ్గినా సాధన కుదిరినట్లే. తగ్గకపోతే భుజాలు పైకి లేస్తున్నాయేమో చూసుకోండి, కదలవలసినది పొట్ట.

హెచ్చరిక: తల తిరిగినా, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కినా మీరు అవసరానికి మించి లోతుగా పీలుస్తున్నారని అర్థం. వెంటనే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి, తరువాత 3 సెకన్లు పీల్చి 4 సెకన్లు వదలడంతో మొదలుపెట్టండి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు ఊపిరి బిగపట్టే సాధనల జోలికి వెళ్లకపోవడం మంచిది. పైన చెప్పినదానిలో బిగపట్టడం లేదు, మీరూ కలపకండి.

ఊపిరి మీద దృష్టి పెడితేనే కంగారు పుట్టేవారు కొందరు ఉంటారు. వారికి అమెరికన్ వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 20వ శతాబ్దపు తొలి సగంలో రూపొందించిన కండరాల సడలింపు నయం. పిడికిలిని 5 సెకన్లు గట్టిగా బిగించి, ఒక్కసారిగా వదిలి, 15 నుంచి 20 సెకన్లు ఆ వదులుదనాన్ని గమనించాలి. తరువాత మోచేతి పైభాగం, భుజాలు, నుదురు, దవడ, పొట్ట, తొడలు, పిక్కలు. గాయమైన చోట, ఇటీవల శస్త్రచికిత్స జరిగిన చోట బిగించకూడదు. కూర్చోవడమే కుదరనివారు పది నిమిషాలు కాస్త వడిగా నడిచినా మంచిదే.

అన్నిటికంటే పెద్ద పొరపాటు ఒకటుంది. గుండె గుభేలుమన్న రోజునే మొదటిసారి ఈ సాధన చేసి, “నాకు పనిచేయలేదు” అని వదిలేయడం. ఈత మునిగేటప్పుడు నేర్చుకునేది కాదు. మనసు నెమ్మదిగా ఉన్న వేళల్లో కనీసం పది రోజులు చేసిన తరువాతే కష్టమైన వేళ దాన్ని నమ్ముకోండి.

5. ‘చే’ నమోదులకు: వారానికి ఒక్క మార్పు

‘చే’ గుర్తు ఉన్నవాటిలో తీవ్రమైనదాన్ని కాకుండా ఎక్కువసార్లు వచ్చినదాన్ని ఎంచుకోండి. దానికి ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తారో ఒకే వాక్యంలో రాయండి. “పనులు వాయిదా వేయను” అన్నది కోరిక. “ఉదయం కుర్చీలో కూర్చోగానే సందేశాలు తెరవకముందే నిన్నటి పెండింగ్ పనిలో మొదటి 25 నిమిషాల పని చేస్తాను” అన్నది నిర్ణయం. ‘భా’ గుర్తు ఉన్నవాటిలో మీ చేతిలో ఉన్న భాగాన్ని మాత్రమే విడదీసి ఇక్కడికి తెచ్చుకోండి.

చాలా పట్టికల్లో అన్నిటికంటే ముందు బయటపడేది కాదనలేకపోవడం. అందుకు పనికివచ్చే వాక్యాలను ముందే రాసి పెట్టుకుంటే నోరు పెగులుతుంది. “ఇప్పుడే మాట ఇవ్వలేను, సాయంత్రంలోగా చెబుతాను.” “ఈ పని నేను తీసుకుంటే, ఇప్పుడు చేస్తున్న రెండింటిలో దేన్ని వెనక్కి పెట్టమంటారో మీరే చెప్పండి.” ఇంట్లోవారితోనైతే “నాకు పావుగంట ఇవ్వు, ఆ తరువాత నువ్వు చెప్పేది పూర్తిగా వింటాను” అన్నది మౌనంగా గదిలోకి వెళ్లిపోవడం కంటే ఎంతో మేలు. అయితే ఆ పావుగంట గడవగానే మీరే లేచి వెళ్లాలి, లేకపోతే ఆ మాటకు రెండోసారి విలువ ఉండదు.

ఒకే వారంలో మూడు నాలుగు మార్పులు పెట్టుకోకండి. అవి నిలవవు సరికదా, ఏది పనిచేసిందో కూడా తెలియదు.

6. ‘లే’ నమోదులకు: దిగులుకు ఒక వేళ

ఫలితం రావలసిన పరీక్ష, మరొకరి ఆరోగ్యం, ఇంకొకరు తీసుకోవలసిన నిర్ణయం వంటివాటిని ఆలోచించకుండా ఉండమని మనసుకు చెబితే అది వినదు. కాని “ఇప్పుడు కాదు, ఆరింటికి” అంటే వింటుంది. రోజూ ఒకే వేళ, ఒకే కుర్చీలో 20 నుంచి 30 నిమిషాలు దిగులుకు కేటాయించండి. మిగతా వేళల్లో వచ్చిన ఆలోచనను ఒక్క మాటగా పుస్తకంలో రాసి వాయిదా వేయండి. ఆ వేళ రాగానే జాబితా తెరిచి ఒక్కొక్కదాన్నే ఆలోచించండి. అప్పటికి వాటిలో కొన్ని తమంతట తామే చప్పబడి ఉంటాయి, వాటిని కొట్టేయండి.

ఈ కుర్చీ మంచం దగ్గర ఉండకూడదు, ఈ వేళ నిద్రకు రెండు గంటల లోపు ఉండకూడదు. మొదటి మూడు నాలుగు రోజులు వాయిదా వేయడం కుదరకపోవడం సహజం. రెండో వారానికి పట్టు చిక్కుతుంది.

7. నిద్ర, కాఫీ, కదలిక

వీటిని క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందరికీ తెలిసినవే. పెద్దవారికి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర అవసరం. పడుకున్న 20 నిమిషాలకు కూడా కునుకు పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో ఏదైనా నెమ్మదైన పని చేసి, నిద్ర ముంచుకొచ్చాకే తిరిగి పడుకోండి. గడియారం వైపు చూడకండి. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది కనుక మధ్యాహ్నం తరువాత కాఫీ, టీలు మానడం మంచిది. ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తుంది, రోజుకు అర కప్పు చొప్పున తగ్గించండి. మద్యం తాగితే త్వరగా నిద్ర పట్టినట్లు ఉంటుంది గాని రాత్రి రెండో సగంలో నిద్ర చెదిరిపోతుంది. ఒత్తిడికి దాన్ని మందుగా వాడుతున్నట్లు మీ పట్టికలో కనిపిస్తే ఆ సంగతిని వైద్యుడితో తప్పక మాట్లాడండి. రోజూ ఎక్కువగా తాగే అలవాటు ఉంటే మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపకండి, అది ప్రమాదకరం. వ్యాయామం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పే లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థమైన శారీరక శ్రమ. 150 నిమిషాలు అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు.

8. నాలుగో వారం చివర: ఫలితం చూసుకోండి

నాలుగో వారం ఏడు రోజులూ మొదటి వారంలాగే పూర్తి పట్టిక రాయండి. తరువాత రెండు వారాల తేరుకున్న సమయాలను నిమిషాల్లోకి మార్చి, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా పేర్చి, సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని తీసుకోండి. సగటు తీయకండి, ఒక్క చెడ్డ రోజు సగటును తలకిందులు చేస్తుంది. మొదటి వారంలో మధ్య అంకె 180 నిమిషాలు ఉండి ఇప్పుడు 70కి వస్తే, తీవ్రత 7 నుంచి 6కే తగ్గినా పద్ధతి పనిచేసినట్లే. చాలామంది తీవ్రత గడినే చూసి నిరుత్సాహపడతారు. జీవితంలోని సంఘటనలు అవే ఉన్నప్పుడు తీవ్రత నెమ్మదిగానే దిగుతుంది, తేరుకునే సమయం ముందు దిగుతుంది. ఒకటో అంచెలో వేసుకున్న అంకెను కూడా మళ్లీ వేసి పక్కన రాయండి.

మోసపోయే సందర్భాలు రెండు ఉన్నాయి. నాలుగో వారం సెలవుల్లో పడితే ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకుండా మరో వారం రాయండి. నమోదుల సంఖ్య బాగా తగ్గితే ఒత్తిడి తగ్గిందా, రాయడం మీద శ్రద్ధ తగ్గిందా అని నిజాయితీగా చూసుకోండి; రెండు రోజులు గంటకొకసారి అలారం పెట్టి చూస్తే అది తేలిపోతుంది.

తేరుకునే సమయం తగ్గకపోతే పట్టికలో ఏ గుర్తు కింద పొడవైన సమయాలు ఉన్నాయో చూడండి. అవి ‘చే’ కింద ఉంటే మార్పు మరీ పెద్దదిగా ఉండి ఉంటుంది, సగానికి తగ్గించండి. ‘లే’ కింద ఉంటే దిగులు వేళను సరిగ్గా పాటిస్తున్నారో లేదో చూసుకోండి. అన్ని గుర్తుల కిందా సమానంగా ఉంటే ముందు నిద్ర సంగతి చూడండి.

రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా మనసు కుంగిపోయి ఉండటం, ఇంతకుముందు ఇష్టపడిన పనుల మీద ఆసక్తి పోవడం, పనికి వెళ్లలేకపోవడం, ఉన్నట్టుండి ప్రాణం పోతుందన్నంత భయం పదే పదే కలగడం ఉంటే నాలుగో వారం దాకా ఆగకుండా వైద్యుణ్ణి లేదా మానసిక నిపుణుణ్ణి కలవండి. వెళ్లేటప్పుడు ఆ నోటు పుస్తకం తీసుకెళ్లండి. “ఒత్తిడిగా ఉందండీ” అని చెప్పడానికి బదులు మొదటి వారం పట్టికను, మధ్య అంకెను, నిద్ర గంటలను, వాడుతున్న మందుల పేర్లను చూపించి, “మూడు వారాలుగా ఇవి చేశాను, ఇది తగ్గింది, ఇది తగ్గలేదు” అని చెప్పండి. ఆ మొదటి పది నిమిషాల్లోనే మీ మాట సూటిగా వారికి చేరుతుంది.